చందుర్తి జొన్నచేలో బెంగాల్ సిపాయిలు



ఈద్ మూడో రోజు మా ఇంట్లో చుట్టాలంతా పోగయ్యారు. మా తమ్ముడి కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు, షీర్ ఖుర్మా గిన్నె పక్కన పెట్టేసి ఫోన్‌లో ఏదో వీడియో చూస్తున్నాడు. ఉన్నట్టుండి తలెత్తి అడిగాడు: "చిచ్చా, 1965 జంగ్‌లో లాహోర్‌ను కాపాడింది బెంగాలీలట. సహీ బాతేనా?"

సహీనే గాని పూరా సహీ కాదు అన్నాను. లాహోర్ చుట్టూ చాలా పటాలాలు ఉన్నాయి, అందులో ఒకటి బెంగాలీలది. ఈస్ట్ బెంగాల్ రెజిమెంట్ 1948 ఫిబ్రవరిలో ఢాకా పక్కన కుర్మిటోలాలో మొదలైంది. దాని మొదటి పటాలం 1965 సెప్టెంబర్‌లో లాహోర్‌కు ఆగ్నేయంగా బేదియాన్ వైపు మోర్చాలో ఉంది. బాగా కొట్లాడారు, బహాదురీ పతకాలు కూడా దక్కాయి. ఆ పటాలంలో ఒక కంపెనీని నడిపించిన అఫ్సర్ పేరు జియావుర్ రహ్మాన్. ఆరేళ్ల తర్వాత, 1971 మార్చి 27న, చిట్టగాంగ్ దగ్గర కాలూర్‌ఘాట్ రేడియో నుంచి షేక్ ముజీబ్ పేరు మీద బంగ్లాదేశ్ ఆజాదీని ఏలాన్ చేసింది ఆయనే.

పిల్లవాడు ఫోన్ పక్కన పెట్టాడు. ఈ రోజుల్లో అదే పెద్ద విజయం. నేను ఊరుకోలేదు. అదే జంగ్‌లో, అక్కడికి ఎంతో దూరం లేని ఖేమ్‌కరణ్ పక్కన అసల్ ఉత్తర్ దగ్గర మన వైపు నిలబడి పాకిస్తాన్ ట్యాంకుల్ని పేల్చి ప్రాణం విడిచింది గాజీపూర్ హవల్దార్ అబ్దుల్ హమీద్. పరమవీర చక్ర. అంటే కసూర్ ఇలాఖాలో ఈ పక్కా ఆ పక్కా కలిమా చదివినవాళ్లే, ఒకరు ఢాకా నుంచి, ఒకరు పూర్వాంచల్ నుంచి, వందల మైళ్లు దాటి వచ్చి మోర్చా పట్టారు. ఎవరి వతన్ కోసం వాళ్లు.

"మరి లాహోర్ కోసం ప్రాణాలిచ్చినోళ్లు ఆరేళ్లకే కైకు విడిపోయారు?" అన్నాడు.

మంచి సవాల్. నేను తిరిగి ఇంకో సవాల్ వేశాను. "బెంగాల్ ఫౌజ్ మన జిల్లాకు ఎప్పుడొచ్చిందో తెలుసా?" వాడికే కాదు, అక్కడ కూర్చున్న పెద్దలకూ తెలీదు. కోట పక్కనే పుట్టి, మూడు లాంతర్ల దగ్గర చాయ్ తాగి పెరిగినవాళ్లం, సిరిమాను ఏటా చూసేవాళ్లం. బొబ్బిలి యుద్ధం గురించి అడిగితే తాండ్ర పాపారాయుడి నుంచి మొదలుపెట్టి అందరం చెబుతాం. ఆ తర్వాత ఏడాది ఏమైందంటే ఎవరూ చెప్పరు. ఆ ఏడాది గురించే ఈ మజ్మూన్.

కాస్త వెనక్కి పోవాలి. ఇప్పుడు శ్రీకాకుళం అంటున్న ఊరు అప్పుడు చికాకోల్. ఉత్తర సర్కారుల్లో అన్నిటికంటే ఉత్తరాన ఉన్న సర్కార్‌కు అదే సదర్ మకాం. అక్కడి జామియా మస్జిద్ 1641లో గోల్కొండ ఖుతుబ్‌షాహీల ఫౌజ్‌దార్ షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించినది. తర్వాత నిజాం కాలంలో అక్కడ ఫౌజ్‌దారీ చేసిన అన్వరుద్దీన్ ఖాన్ ఆఖరుకు ఆర్కాట్ నవాబ్ అయ్యాడు. అంటే మనం అనుకున్నంత మారుమూల కాదు అది. ఇటు విజయనగరం కోట 1713లో కట్టారు. ఆ చోటు రాజావారికి చూపించింది అడవిలో ఇబాదత్ చేసుకుంటున్న మహబూబ్ వలీ అనే ఫకీర్ అని ఊళ్లో చెప్పుకుంటారు. రివాయత్ అది, దస్తావేజు కాదు. అయినా ఒక రాజ్యం తన పునాది కథలో ఒక ఫకీర్‌ను ఉంచుకుందంటే ఆ కాలం వాతావరణం కొంత తెలుస్తుంది.

1753లో నిజాం సలాబత్ జంగ్ ఈ సర్కారుల్ని ఫ్రెంచి జనరల్ బుస్సీకి రాసిచ్చాడు. దేనికి? ఫౌజ్ తన్ఖా కోసం. తన దగ్గర పనిచేసే ఫ్రెంచి పటాలానికి నెలనెలా జీతం ఇవ్వలేక, నాలుగు సర్కారుల్ని, చికాకోల్‌తో సహా, శిస్తు వసూలు చేసుకోమని అప్పజెప్పాడు. మన తాతముత్తాతల పొలం మీద పండిన వడ్లు ఫ్రెంచి ఫౌజ్ జీతంగా మారాయి. ఇది గుర్తుపెట్టుకోండి. ఈ మొత్తం కిస్సాలో మజ్‌హబ్ కంటే, కౌమ్ కంటే తన్ఖా అనే మాటే ఎక్కువసార్లు వస్తుంది.

1757 జనవరి 24న బొబ్బిలి. అది మీకు తెలిసినదే. బుర్రకథల్లో హైదర్ జంగ్ పేరు విన్నప్పుడల్లా చిన్నప్పుడు నేను తల దించుకునేవాణ్ణి. బుస్సీ దీవాన్ ఆయన. కథలో దుష్టపాత్ర. పక్కన కూర్చున్న దోస్తులు నావైపు చూస్తున్నారేమో అనిపించేది. నిజానికి కోట మీద ఫిరంగులు పేల్పించింది బుస్సీ, కోట కూలాలని కోరింది విజయరామరాజు, బేరాలు నడిపింది హైదర్ జంగ్. ముగ్గురూ కలిసి చేసిన పని. మూడు రాత్రుల తర్వాత పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజును చంపేశాడు. హైదర్ జంగ్‌ను మరుసటి ఏడాది ఔరంగాబాద్‌లో నిజాం అలీ చంపించాడు.

విజయనగరం గద్దె మీదికి ఆనందరాజు వచ్చాడు. బుస్సీ అంటే అతనికి మంట. 1758లో పుదుచ్చేరి నుంచి లాలీ హుకుం వచ్చింది, బుస్సీని దక్షిణానికి రమ్మని. బుస్సీ పోయాడు, అతని స్థానంలో కాన్‌ఫ్లాన్స్ అనేవాడు వచ్చాడు. ఆనందరాజు అదే అదను అనుకున్నాడు. సెప్టెంబర్‌లో విశాఖపట్నం కిల్లాను ఫ్రెంచివాళ్ల దగ్గర నుంచి లాక్కుని, ఇంగ్లీషు కంపెనీకి ఖత్ రాశాడు: ఫౌజ్ పంపండి, సర్కారుల నుంచి వీళ్లను తరిమేద్దాం. మద్రాసు వాళ్ల తల మీదే లాలీ కత్తి వేలాడుతోంది, వాళ్లు పంపలేరు. కలకత్తాలో క్లైవ్ ఉన్నాడు. ప్లాసీ గెలిచి ఏడాది దాటింది. తన కౌన్సిల్‌లో చాలామంది వద్దన్నా వినకుండా కల్నల్ ఫోర్డ్‌కు 500 మంది గోరాలను, రెండు వేల మంది సిపాయిలను ఇచ్చి ఓడలెక్కించాడు. అక్టోబర్ 20న వాళ్లు విశాఖ రేవులో దిగారు. కశింకోట దగ్గర ఆనందరాజు కలిశాడు. షరతుల్లో మొదటిది మళ్లీ తన్ఖాయే: ఫౌజ్ ఖర్చుకు రాజావారు నెలకు 50 వేల రూపాయలు ఇవ్వాలి.

ఇక్కడ ఒక లఫ్జ్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1756లో క్లైవ్ కలకత్తాను తిరిగి పట్టుకోవడానికి మద్రాసు నుంచి పోయినప్పుడు తన వెంట దక్షిణాది సిపాయిలను తీసుకుపోయాడు. వాళ్లను చూసిన బెంగాల్ జనం, హిందుస్తాన్ జనం కంపెనీ సిపాయికి పెట్టిన పేరు తిలంగా. అంటే తెలంగీవాడు, మన తెలుగువాడు. ఆ తర్వాత కంపెనీ అక్కడివాళ్లనే భర్తీ చేసుకున్నా పేరు మారలేదు. వందేళ్ల తర్వాత 1857లో మీరట్ నుంచి ఢిల్లీలోకి వచ్చిన పూర్బియా సిపాయిలను చూసి ఢిల్లీవాళ్లు అన్నది కూడా తిలంగే అనే. ఆ కాలం ఉర్దూ కాగితాల్లో ఎక్కడ చూసినా ఈ మాటే. అవధ్‌లో పుట్టి, భోజ్‌పురి మాట్లాడుతూ, జీవితంలో గోదావరి నీళ్లు చూడని మనిషికి మన భాష పేరు పెట్టారు!

అంటే లెక్క ఇలా ఉంది. 1757లో తెలుగు సిపాయిలు బెంగాల్‌కు పోయి బెంగాల్ నవాబ్ మీద కొట్లాడారు. 1758లో బెంగాల్ సిపాయిలు తెలుగు నేలకు వచ్చి ఫ్రెంచివాళ్ల మీద కొట్లాడారు. తోలింది ఒకే కంపెనీ.

బెంగాల్ సిపాయిలు అంటున్నాను గాని, బెంగాలీలు అనడం లేదు, గమనించారా? బెంగాల్ ఫౌజ్ అన్నది చిరునామా. ప్లాసీ ముందు క్లైవ్ కలకత్తాలో పోగుచేసిన మొదటి పటాలంలో పఠాన్‌లు, రోహిల్లాలు, జాట్‌లు, రాజపుత్రులు, బ్రాహ్మణులు ఉన్నారు. నవాబ్‌ల దగ్గర నౌకరీ పోయి, రోజ్‌గార్ వెతుక్కుంటూ కలకత్తాలో తిరుగుతున్నవాళ్లు. వాళ్లకు విలాయతీ పద్ధతిలో ఎర్ర కుర్తీలు తొడిగారు. అందుకే లాల్ పల్టన్ అన్న పేరు వచ్చింది. మద్రాసు వైపు సిపాయిలకు అప్పటికి ఆ ఎర్ర కుర్తీ అలవాటు లేదు. ఎవరి బట్టల్లో వాళ్లు కొట్లాడేవాళ్లు. ఈ చిన్న తేడానే చందుర్తి దగ్గర జంగ్‌ను తేల్చింది.

చందుర్తి పిఠాపురం పక్కన, ఇప్పటి గొల్లప్రోలు మండలంలో ఉంది. ఇంగ్లీషు పుస్తకాల్లో కాండోర్ అని రాస్తారు, అలా రాస్తే మనకు అది ఎక్కడో అనిపిస్తుంది. విజయనగరం నుంచి రాజమండ్రి పోయే దారిలోనే. 1758 డిసెంబర్ మొదటి పది రోజుల్లో రెండు ఫౌజ్‌లు అక్కడ ఎదురుపడ్డాయి. కాన్‌ఫ్లాన్స్ దగ్గర 500 మంది ఫ్రెంచివాళ్లు, ఆరు వేల మంది సిపాయిలు, బోలెడు ఫిరంగులు. ఆ ఆరు వేల మందిలో దక్కనీ ముసల్మాన్‌లు కూడా ఉన్నారని వేరే చెప్పక్కర్లేదు. ఫోర్డ్ దగ్గర 470 మంది గోరాలు, 1900 మంది బెంగాల్ సిపాయిలు. ఆనందరాజు వెంట ఐదు వేల మంది కాల్బలం, ఐదు వందల గుర్రాలు. కాల్బలంలో చాలామంది చేతిలో విల్లంబులూ బల్లేలే. ఉత్తరాంధ్ర కొండల, పల్లెల మనుషులు. వాళ్లను ఇంగ్లీషు చరిత్రకారులందరూ ఎగతాళి చేశారు. ఫిరంగి ముందు బల్లెం పట్టుకుని నిలబడమంటే ఎవరు నిలబడతారో వాళ్లే చెప్పాలి.

తెల్లవారకముందే ఫోర్డ్ తన ఫౌజ్‌తో చందుర్తి వైపు కదిలాడు, మంచి చోటు పట్టుకుందామని. రాజావారి మనుషులు తయారుకాలేదు. ఫ్రెంచివాళ్లు వాళ్ల డేరాల మీద ఫిరంగులు పేల్చారు. రాజు ఖబర్ మీద ఖబర్ పంపాడు, వెనక్కి రమ్మని. చివరికి అందరూ కలిసి చందుర్తి చేరారు. దూరం నుంచి చూసిన కాన్‌ఫ్లాన్స్ వీళ్లు పారిపోతున్నారనుకుని తొందరపడి వెంటపడ్డాడు.

ఇక ఫోర్డ్ సఫ్ ఎలా కట్టాడంటే, నడుమ గోరా పటాలం, దానికి అటూ ఇటూ బెంగాల్ సిపాయిలు, వాళ్లకు ఆవల రాజావారి మనుషులు. నడుమ ఉన్న గోరాల ముందు ఒక చేను ఉంది. అప్పటి చరిత్ర రాసిన ఓర్మ్ ఇండియన్ కార్న్ అన్నాడు. మన కళ్లకు జొన్నచేననుకోండి. మనిషిని దాచేంత ఎత్తు పెరిగి ఉంది. చేను వెనక గోరాలు కనపడటం లేదు. బయట ఖాళీ నేలలో ఎర్ర కుర్తీలతో నిలబడ్డ సిపాయిలే కనపడుతున్నారు.

ఫ్రెంచివాళ్లు ఎర్ర కుర్తీ చూసి అవే గోరాలనుకున్నారు. దక్షిణాదిలో సిపాయి ఎర్ర కుర్తీ వేయగా వాళ్లు ఎప్పుడూ చూడలేదు కదా. ఫ్రెంచి పటాలం మొత్తం ఎడమ వైపు ఉన్న సిపాయిల మీదికి తిరిగింది. ఫోర్డ్‌కు ఇది కనపడింది. అప్పుడు అతను ఇచ్చిన హుకుం చూడండి. సిపాయి కంపెనీలకు పెద్ద నిశాన్‌తో పాటు చిన్న చిన్న జెండాలు కొన్ని ఉండేవి. వాటిని బట్టి వీళ్లు సిపాయిలని గుర్తుపట్టొచ్చు. ఆ జెండాలను చుట్టేసి నేలమీద పడేయమన్నాడు. ఫ్రెంచివాళ్ల పొరపాటు పక్కా కావాలని.

నేను ఈ ముక్క మొదటిసారి చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసేశాను. సిపాయికి నిశాన్ అంటే ఏమిటో ఫౌజ్‌లో పనిచేసిన వాళ్ల ఇళ్లల్లో అడగండి. దాన్ని నేల తాకనివ్వరు. అక్కడ తమ చేతులతోనే దాన్ని నేలమీద పెట్టారు, ఎదుటి ఫిరంగులు తమ మీదే పేలేలాగ. జంగీ చాల్‌గా చూస్తే ఫోర్డ్ ఉస్తాద్, ఇన్కార్ చేయను. కాని ఆ ఎర్ర కుర్తీలో నిలబడ్డ మనిషి వైపు నుంచి చూస్తే, వాణ్ణి ఎర వేశారు.

కాసేపు నిలబడి కాల్చారు. ఫ్రెంచి పటాలం మొత్తం మీదికి వచ్చేసరికి ఎడమవైపు సిపాయిలు ఆగలేక వెనక్కి విరిగారు. గెలిచామనుకున్న ఫ్రెంచివాళ్లు సఫ్ చెదరగొట్టుకుని తరుముతూ పోయారు. అప్పుడు జొన్నచేను వెనక నుంచి గోరా పటాలం బయటకొచ్చి వాళ్ల పక్కన దెబ్బ కొట్టింది. ఆడ్నెట్ అనే కెప్టెన్ మొదటి దాడిలోనే పడిపోయాడు. ఫ్రెంచివాళ్లు తమ ఫిరంగుల వైపు పరుగెత్తారు, ఫిరంగులు కూడా పోగొట్టుకున్నారు. కుడివైపు కెప్టెన్ నాక్స్ చేతికింద ఉన్న సిపాయిలు మాత్రం చివరిదాకా కదల్లేదు. ఎదురుగా తమకంటే చాలా ఎక్కువగా ఉన్న ఫ్రెంచి సిపాయిలను ఆపి, తర్వాత ముందుకు పోయి గోరాలతో కలిశారు. సాయంత్రానికి ఫ్రెంచి డేరాలు, ఫిరంగులు, ఎడ్లు అన్నీ ఇంగ్లీషువాళ్లవి.

ఓర్మ్ లెక్క ప్రకారం గోరాల్లో ఆ కెప్టెన్‌తో పాటు పదిహేను మంది దాకా పోయారు. సిపాయిల్లో వంద మంది, గాయపడ్డవాళ్లు ఇంకా ఎక్కువ. కెప్టెన్ పేరు ఉంది. వంద మందిలో ఒక్కడి పేరు లేదు. పఠానో, రాజపుత్రో, ఏ ఊరివాడో, ఎవరికి జనాజా నమాజ్ అయిందో, ఎవరికి చితి పేర్చారో, ఒక్క ముక్క లేదు.

నాలుగేళ్ల కింద కాకినాడలో పెళ్లికి పోయి వస్తూ చందుర్తిలో ఆగాను. రోడ్డు పక్క చాయ్ దుకాణంలో ఓ పెద్దాయనను అడిగితే, "యుద్ధమా బాబూ, అదెక్కడో బొబ్బిల్లో కదా" అన్నారు. ఆయన తప్పేముంది? ఆయన ఊరి పేరును ఇంగ్లీషు పుస్తకంలో ఆయనే గుర్తుపట్టలేడు.

తర్వాతిది త్వరగా చెప్పేస్తాను. ఫోర్డ్ రాజమండ్రి తీసుకున్నాడు. డబ్బు దగ్గర ఆనందరాజు సాగదీశాడు, మాటామాటా పెరిగింది. 1759 మార్చిలో మచిలీపట్నం కిల్లా ముందు దిగారు. లోపల కాన్‌ఫ్లాన్స్, బయట నుంచి సలాబత్ జంగ్ పెద్ద ఫౌజ్‌తో వస్తున్నాడు, పెట్టెలో పైసా లేదు. అప్పుడు ఫోర్డ్ గోరా సోల్జర్లు హత్యార్‌లతో సహా బయటకొచ్చి నిలబడ్డారు: కొల్లగొట్టిన సొమ్ములో వాటా ఇస్తావా, మమ్మల్ని పొమ్మంటావా? యుద్ధం నడుమ, శత్రువు ముందు. ఏం చేశాడు ఫోర్డ్? బుజ్జగించాడు. వాదా చేశాడు. డేరాలకు తిరిగి పంపాడు. ఎవరినీ ఫిరంగికి కట్టలేదు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఏప్రిల్ 7 రాత్రి, సముద్రపు పోటు తగ్గాక, కిల్లా మీద పడ్డారు. అసలు దాడి ఒక చోట. ఫ్రెంచివాళ్లను మభ్యపెట్టడానికి ఉత్తుత్తి దాడి ఇంకో చోట, నడుం లోతు బురద ఉన్న నైరుతి వైపు. ఆ బురదలోకి నాక్స్ చేతికింద దిగింది ఎవరో చెప్పక్కర్లేదు, సిపాయిలు. తెల్లవారేసరికి కిల్లా పడింది. గోరాల్లో 22 మంది, సిపాయిల్లో 50 మంది చనిపోయారు. మే 14న సలాబత్ జంగ్ మచిలీపట్నం చుట్టుపక్కల తాలూకాలు కంపెనీకి రాసిచ్చి, ఫ్రెంచివాళ్లకు ఇక్కడ జాగా ఉండదని ఒప్పుకున్నాడు. ఆనందరాజు మరుసటి ఏడాదే మశూచితో పోయాడు. ఫోర్డ్ ఫౌజ్ బెంగాల్ వెళ్లిపోయింది. 1765లో షా ఆలం ఫర్మాన్ ఇచ్చాక సర్కారులు కంపెనీ చేతికి పోయాయి. విజయనగరం రాజు ఫ్రెంచివాణ్ణి పోగొట్టడానికి పిలిచిన ఫౌజ్ వెనక వచ్చిన హుకూమత్, 1794 జూలై 10న పద్మనాభం దగ్గర విజయనగరం రాజునే చంపింది.

ఇప్పుడు 1780కి రండి. ఇది మన ఇళ్లల్లో ఎక్కువగా తెలియాల్సిన తారీఖు. అక్టోబర్ 3, విశాఖపట్నం.

ఆ ఏడాది జూలైలో హైదర్ అలీ కర్ణాటక మీదికి దిగాడు. సెప్టెంబర్ 10న పొల్లిలూర్ దగ్గర కల్నల్ బెయిలీ ఫౌజ్‌ను తుడిచిపెట్టేశాడు. మద్రాసులో వణుకు. ఎక్కడెక్కడి పటాలాల్నీ రమ్మన్నారు. ఉత్తర సర్కారుల సిపాయిలను విశాఖ రేవులో ఓడ ఎక్కి మద్రాసు రమ్మని హుకుం. సిపాయిలు ఎక్కం అన్నారు. వాళ్ల ముందు నిలబడ్డది సుబేదార్ షేక్ ముహమ్మద్. మన తెలుగు రాతల్లో షేక్ అహ్మద్ అని కూడా కనిపిస్తుంది. మాట మాటా పెరిగి తుపాకులు పేలాయి. ఇంగ్లీషు అఫ్సర్లు చనిపోయారు. కొన్నాళ్లకు బగావత్ అణిగింది, సుబేదార్‌కు మౌత్ సజా పడింది.

ఎందుకు ఎక్కమన్నారు? హైదర్ అలీ మీద మొహబ్బత్‌తోనని, మజ్‌హబీ జోష్‌తోనని మనవాళ్లు కొందరు రాస్తారు. నాకు అంత భరోసా లేదు. ఆ సిపాయిల్లో తెలుగు హిందువులు కూడా ఉన్నారు. సర్కారుల్లో నౌకరీ అని చేరినవాళ్లు, పెళ్లాం పిల్లల్ని ఇక్కడే వదిలి, సముద్రం మీద, అప్పుడే ఒక ఫౌజ్ మొత్తం నాశనమైన చోటికి పొమ్మంటే కాళ్లు ఆడతాయా? నా ఉద్దేశం ఇంతే: మనిషి భయపడ్డాడు, ఘుస్సా పడ్డాడు, తన బతుకు తనదే అన్నాడు. దానికి జెండా రంగు పూయాల్సిన అవసరం నాకు కనపడదు. పూయకపోయినా షేక్ ముహమ్మద్ చిన్నవాడైపోడు.

మచిలీపట్నం ముందు గోరా సోల్జర్లు చేసిందీ, విశాఖ రేవులో షేక్ ముహమ్మద్ మనుషులు చేసిందీ పక్కపక్కన పెట్టి చూడండి. విశాఖలో రక్తం పారింది, అది తేడా, దాచను. కాని మొదటిదాన్ని చరిత్ర పుస్తకాలు జీతం తగాదా అన్నాయి, రెండోదాన్ని నమక్‌హరామీ అన్నాయి. విశాఖ పాత యూరోపియన్ సమాధుల తోటలో ఆ రోజు చనిపోయిన దొరల గుర్తుగా స్తంభం నిలబడి ఉంది. సుబేదార్‌కు ఖబర్ ఎక్కడ?

నమక్. ఈ మాట దగ్గరికి రావడానికే ఇంత దూరం నడిచాను. మా దాదా మర్హూం ఎప్పుడూ ఒక మాట అనేవారు, "జిస్కా ఖాయే ఉస్కా గాయే" అని. ఎవరి ఉప్పు తింటే వాళ్ల పాట పాడాలని. మా ఖాందాన్‌లో ఎవరో పటాలంతో వచ్చి కంటోన్మెంట్ వైపు స్థిరపడ్డారని ఆయన చెప్పేవారు. ఏ పటాలం, ఎక్కడి నుంచి, కాగితం ఏమీ లేదు. చిన్నప్పుడు ఎవరైనా "మీరు ఎక్కడి నుంచి వచ్చారు?" అని అడిగితే ఆ కిస్సా చెప్పి గొప్పగా ఫీలయ్యేవాణ్ణి. పెద్దయ్యాక అదే సవాల్ వేరే గొంతుతో వినపడటం మొదలైంది, అప్పటి నుంచి ఆ కిస్సా చెప్పడం మానేశాను. చందుర్తి చదివాక మళ్లీ చెబుతున్నాను. ఎందుకంటే ఆ పొలంలో అందరూ ఎక్కడి నుంచో వచ్చినవాళ్లే. ఫ్రెంచివాడు, ఇంగ్లీషువాడు, రోహిల్లా, దక్కనీ. స్థానికులు అంటే ఆనందరాజు వెంట బల్లేలు పట్టుకున్న మన పల్లెలవాళ్లు, దాదాపు రెండేళ్ల ముందు బొబ్బిలి బురుజుల కింద నిలబడిందీ అలాంటివాళ్లే.

ఇప్పుడు మా పిల్లవాడి సవాల్. బెంగాలీలు కైకు విడిపోయారు?

1857 తర్వాత ఇంగ్లీషువాళ్లు బెంగాల్ ఫౌజ్‌ను తిరగేసి కట్టారు. పంజాబీ, పఠాన్, గూర్ఖా, వీళ్లు జంగీ కౌమ్‌లు. బెంగాలీ కలం పట్టుకునేవాడు, తుపాకీకి పనికిరాడు అని రాసిపెట్టారు. మద్రాసు తెలంగాలను కూడా అలాగే పక్కన పెట్టారు. బెంగాల్ గెలిచి పెట్టిన తిలంగాకు, సర్కారులు గెలిచి పెట్టిన బెంగాల్ పల్టన్‌కు ఒకే ఇనామ్. బెంగాలీలకంటూ ఒక పటాలం మొదటి ప్రపంచ యుద్ధంలో గాని దక్కలేదు, 49వ బెంగాలీ పటాలం. అందులో హవల్దార్‌గా కరాచీలో పనిచేసిన కుర్రాడే తర్వాత కాజీ నజ్రుల్ ఇస్లాం అయ్యాడు. యుద్ధం అయిపోగానే 1920లో ఆ పటాలాన్ని ఎత్తేశారు.

పాకిస్తాన్ వచ్చాక ఇంగ్లీషువాడు పోయాడు గాని అతని రిజిస్టర్ ఉండిపోయింది. జనాభాలో సగానికి పైగా బెంగాలీలు, ఫౌజ్‌లో పదో వంతు కూడా లేరు. 1965లో బేదియాన్ మోర్చాలో బెంగాలీ సిపాయి లాహోర్‌ను కాస్తున్నప్పుడు, అక్కడ ఢాకాలో వాడి తల్లిదండ్రుల్ని కాయడానికి దాదాపు ఫౌజ్ లేదు. తూర్పును కాపాడటం పడమర నుంచే జరుగుతుంది అన్నది పెద్దల సిద్ధాంతం. ఈ సంగతి సిపాయికి కూడా అర్థమైంది, వాడి ఊరివాళ్లకు కూడా అర్థమైంది. 1966 ఫిబ్రవరిలో షేక్ ముజీబ్ తన ఆరు సూత్రాలు బయటపెట్టింది ఎక్కడో తెలుసా? లాహోర్‌లోనే. ఐదు నెలల కింద బెంగాలీ పటాలం కాపలా కాసిన ఊళ్లో. తూర్పుకు తన సొంత రక్షణ బలగం ఉండాలన్నది అందులో ఒకటి. లాహోర్ అఖ్బార్లు గద్దారీ అన్నాయి.

నమక్ తినిపించినవాడు లెక్క అడుగుతాడు, తిన్నవాడు అడిగితే గద్దార్ అంటాడు. చందుర్తిలో జెండా నేలమీద పెట్టమన్నప్పుడు ఎడమ వైపు సిపాయి ఏమనుకున్నాడో నాకు తెలియదు గాని, బేదియాన్ నుంచి ఇంటికి పోయిన సిపాయి ఏమనుకున్నాడో 1971లో తెలిసింది.

ఇంత చెప్పాక మా పిల్లవాడు కాసేపు ఆలోచించాడు. "చిచ్చా, చందుర్తిలో మనవాళ్లు ఏ వైపున్నారు?" అన్నాడు.

వేళ్ల మీద లెక్కపెట్టాను. ఫోర్డ్ ఎర్ర కుర్తీల్లో పఠాన్‌లు, రోహిల్లాలు. కాన్‌ఫ్లాన్స్ సిపాయిల్లో దక్కనీలు. ఆనందరాజు బల్లేలవాళ్లలో మన పొరుగువాళ్ల తాతలు. వాడు నా మూడు వేళ్లూ చూసి, "ఫిర్ తో సబ్ తరఫ్" అని నవ్వి, చల్లారిపోయిన షీర్ ఖుర్మా గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

వచ్చే సెలవుల్లో వాణ్ణి చందుర్తి తీసుకుపోతానన్నాను. విశాఖ పాతూరు కూడా చూపించమన్నాడు, ఆ స్తంభం మీద ఏం రాసి ఉందో చదవాలట. మీ ఇళ్లల్లో పటాలంతో వచ్చిన తాతల కిస్సాలు, పాత సనద్‌లు, పింఛన్ కాగితాలు ఏమైనా పెట్టెల అడుగున ఉంటే పారేయకండి. ఉర్దూ షికస్తా రాత చదవలేకపోతే నాకు చూపించండి, కూర్చుని చదువుదాం.